ఒంటిచెవి గారి పొరపాటు

"మీ నాన్నగారికి చెప్పు మార్తా, కాఫీ కావాలంటే గన్నవరం వెళ్లి తాగి రమ్మను" అంది అమలమ్మ వంటింట్లోంచి.

శౌరయ్యగారు వంటింటి గుమ్మానికి రెండు గజాల దూరంలో పడక్కుర్చీలోనే ఉన్నారు. అమలమ్మ గొంతు పటమట వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినిపిస్తోంది. అయినా సరే, మధ్యలో మార్త ఉండాలి. నిన్న సాయంత్రం గన్నవరం నుంచి తిరిగొచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలన్నీ కూతురి మీదుగానే నడుస్తున్నాయి.

"నాన్నా, అమ్మ ఏమంటోందంటే..."

"విన్నాన్లే. మీ అమ్మకి చెప్పు, నిన్న పెరుగే పొయ్యనివాళ్లు ఇవాళ కాఫీ ఏం పోస్తారని."

"పొయ్యకేం! పొయ్యడానికొచ్చిన పిల్ల గిన్నె కింద పెట్టి ఏడుస్తూ లోపలికి పోయింది. ఎవరి నిర్వాకమో అడగవే!"

మార్త ఎవర్నీ ఏమీ అడగలేదు. చేతిలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. వీధి అరుగు మీద అన్నయ్య జాన్‌బాబు నిన్నే మెరుగుపెట్టిన బూట్లకి మళ్లీ మెరుగు పెడుతున్నాడు. నిన్నటినుంచీ తండ్రితో ఒక్క ముక్క మాట్లాడలేదు.

"నేనేం తప్పు చేశాను?" ఈసారి శౌరయ్యగారు మధ్యవర్తి లేకుండానే అరిచారు. "కాబోయే వియ్యాలవారింట్లో భోజనాల దగ్గర నలుగురం నవ్వుకుందామని సంచీలోంచి పత్రిక తీసి, ఓ కొత్త రికార్డుని వెక్కిరిస్తూ రాసింది చదివాను. ఆ రికార్డులో పాడింది కాబోయే కోడలు తెరేసానే అని నాకేమన్నా కలొచ్చిందా? అట్ట మీద 'కుమారి టి.' అని వేసుకుంటే తెరేసా అనుకోవాలా, తాయారు అనుకోవాలా?"

"ముందే చెప్తే మీరు ఊరుకునేవారా?" అన్నాడు జాన్‌బాబు తలెత్తకుండా.

పడక్కుర్చీ కిర్రుమంది. "అంటే నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించీ?"

"ప్రధానం నాటినుంచీ. వాళ్ల నాన్న లాజరుగారే చెప్పారు. 'మా పిల్ల కాలేజీ కుర్రాళ్ల జట్టుతో కలిసి గిటార్ల పాట పాడింది బాబూ, రికార్డు కూడా వస్తోంది. మీ నాన్నగారికి గిటారంటే పడదు కదా, పెళ్లయ్యాక మెల్లిగా చెబుదాం' అన్నారు."

"గిటారంటే నాకు పడకపోవడమేమిట్రా! గుళ్లోకి తేవద్దన్నాను, అంతేగా!"

"అంతే!" అమలమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "కుర్రాళ్లు గుళ్లో గిటారు పట్టుకున్నారని పూజ మధ్యలో హార్మోనియం మూసేసి, ఫాదర్‌గారు చూస్తుండగానే ఇంటికొచ్చేసిన మహానుభావులు. ఎవరు చెప్తారండీ మీకు? ఈ ఇంట్లో మీకు భయపడి ఎవరెన్ని దాచుకున్నారో ఆ మరియమ్మ తల్లికే తెలియాలి."

ఆ మాటకి మార్త చేతిలో గ్లాసు ఒరిగి, నీళ్లు పాదాల మీద పడ్డాయి.

ఆ కంగారెందుకో నాకు తెలుసు. గవర్నరుపేటలో రికార్డుల కొట్టు కాశీరావుగారికి తెలుసు. ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియదు. శుక్రవారం శుక్రవారం వారపత్రికలో 'కొత్త రికార్డులు' శీర్షిక రాసే 'ఒంటిచెవి' అనే ఆసామి, కాశీరావుగారి కొట్లో బిల్లులు రాసే ఈ మార్తే.

శౌరయ్యగారు పత్రిక మళ్లీ తీశారు. తీయకపోతే ఆయన శౌరయ్యగారెలా అవుతారు!

"వినండి. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. 'డెల్టా బీట్స్ అనే కొత్త జట్టు వారి మొదటి రికార్డు. పాట మొదలైంది. నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. ఇంకా మొదటి లైనులోనే ఉంది. గిటార్లు బురద చేలో గేదెల్లా నడుస్తున్నాయి. గాయని పేరు కుమారి టి. అట. పాపం, పూర్తి పేరు చెప్పేలోపు నిద్రొచ్చేసినట్టుంది.'"

ఆయన నవ్వాపుకోలేక దగ్గారు. అమలమ్మ గరిటె ఒక్కసారి పైకి లేచి, మళ్లీ దిగింది.

"ఆ పిల్ల పెరుగు గిన్నెతో మీ పక్కనే నిలబడి ఉండగా చదివారు గదండీ ఇది!"

"నాకు తెలీదన్నానా! తప్పు నాదే అనుకో, ఒప్పుకుంటాను. కానీ రాసినవాడి తప్పు మాత్రం కాదు. ఒంటిచెవి అబద్ధం రాయడు. మూడుసార్లు వినందే కలం పట్టనని మొదటివారమే రాసుకున్నాడు. మొన్నామధ్య లండన్ కుర్రాళ్ల రికార్డు మీద ఏం రాశాడు? చొక్కాలకి పిన్నీసులు గుచ్చుకుని అరిచే కుర్రాళ్లు. 'మొదటిసారి వింటే ఇంట్లో దొంగలు పడ్డారనుకున్నాను. రెండోసారి వింటే తాగుబోతులనుకున్నాను. మూడోసారి తెలిసింది, వీళ్లు ఆకలితో ఉన్నారు' అన్నాడు. అటువంటి గోల నేను చచ్చినా వినను. కానీ ఆ రాత చదివాక ఆ కుర్రాళ్ల మీద జాలేసింది. అలాంటివాడు ఎదురైతే కులగోత్రాలు అడక్కుండా మన మార్తనిచ్చేస్తాను!"

మార్త గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తే మనిషి ఎక్కడికి పోవాలి?

తండ్రి ముందు తను పాట గురించి ఎప్పుడు నోరు తెరిచినా "నీకేం తెలుసే" అనే మాటతోనే అయిపోయేది. ముప్పై ఏళ్లుగా గుళ్లో హార్మోనియం వాయించి, పదిమందికి పాట నేర్పిన మనిషి. కాలవల ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు ఆయనకి ఆఫీసులోనూ లేదు, ఇంట్లోనూ లేదు. అలాంటి మనిషి శుక్రవారం పొద్దున తన మాటని కళ్లజోడు పెట్టుకుని, కామా దగ్గర ఆగి, బాగున్న చోట రెండోసారి చదివేవారు. ఆ పది నిమిషాల కోసం మార్త మిగతా వారమంతా ఓపిక పట్టేది. రాసింది తనేనని తెలిస్తే ఆయన ఇంకెప్పుడూ అలా చదవరు. ఆ భయం ఒక్కటే ఆమె నోరు కట్టేసింది.

"చీటీ మళ్లీ చదవరా జాన్‌బాబూ" అంది అమలమ్మ, కాస్త గొంతు తగ్గించి.

పొద్దున్నే గన్నవరం బస్సు కండక్టరు తెచ్చిచ్చిన చీటీ అది. జాన్‌బాబు చొక్కా జేబులోంచి తీసి చదివాడు. "'మూడు గంటలకు వస్తున్నాము. మాట్లాడుకుని ఒక సంగతి తేలేదాకా రేపటి ప్రకటన చదవవద్దని ఫాదర్‌గారికి చెప్పి వస్తాము. లాజరు.'"

పెళ్లి ప్రకటన గుళ్లో వరసగా మూడు ఆదివారాలు చదవాలి. రెండు అయిపోయాయి. రేపు మూడోది. అది ఆగితే బుధవారం పెళ్లి ఆగినట్టే. ఆగిన పెళ్లి గురించి ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పాలా?

"నేను కొట్టుకెళ్లొస్తానమ్మా. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా" అని మార్త చెప్పులేసుకుంది.

* * *

కాశీరావుగారు అప్పుడే అగరొత్తి వెలిగించి, గ్రామఫోను పెట్టెలకి బొట్లు పెడుతున్నారు. బందరు మనిషి. ఎంత కంగారైన విషయం చెప్పినా ముందు నవ్వి, తర్వాత కంగారుపడతారు.

"మీ నాన్నగారు పెళ్లికూతురి ముందే చదివేశారా!" అని పడీపడీ నవ్వారు. మార్త మొహం చూసి ఆపేశారు. "అయ్యో, నా మతి మండా. ఇప్పుడెలా అమ్మాయ్?"

"ఆ రికార్డు ఒకసారి ఇవ్వండి. ఎక్కడన్నా ఒక్క మంచి ముక్క దొరుకుతుందేమో వెతుక్కుంటాను. కనీసం ఆ ముక్క అన్నా పట్టుకుని వదిన కాళ్లావేళ్లా పడొచ్చు."

ఆమె రికార్డు పెట్టింది. ముల్లు దించింది.

గిటార్లు గంతేశాయి. తర్వాత ఆ గొంతు వచ్చింది. కాలవగట్టు మీద సైకిలు తొక్కుతూ, హాండిల్ వదిలేసి, ఎవర్నో కేకేసి పిలుస్తున్న పిల్లలా ఉంది. నవ్వుతూనే పాడుతోంది. పైకి వెళ్లిన చోట ఒక్క వెంట్రుకవాసి కూడా తొణకలేదు.

మార్త చటుక్కున ముల్లు ఎత్తేసింది. "ఇది ఆ రికార్డు కాదండీ."

"అదే. ఉన్నదే ఒక్క డెల్టా బీట్స్."

"అయితే స్పీడు తప్పు పెట్టాను." వంగి మీట చూసింది. ఆ రికార్డు తిరగాల్సిన నలభై అయిదు మీదే ఉంది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే గంతు, అదే నవ్వు.

కాశీరావుగారు అగరొత్తి పుల్ల చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చారు. "నువ్వు విన్నదెప్పుడు?"

"బుధవారం సాయంత్రం. ఏడింటికి. గురువారం పొద్దున్నే ప్రెస్సుకి పంపాలని..."

"ఏడింటికా! ఏడింటికి మన వీధిలో కరెంటు ఏ మాత్రం ఉంటుంది తల్లీ? అన్ని కొట్లూ లైట్లు వేస్తాయి, ఎదురుగా సినిమా హాలు మొదలవుతుంది. బల్బు గుమ్మడిపండు రంగులో ఉంటుంది. ఫాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. ఆ టైములో నా పెట్టె ఏ పాటనైనా ఏడ్చుకుంటూనే తిప్పుతుంది!"

మార్త స్టూలు మీద కూలబడింది. రోజూ చూసే బల్బే. ప్రతి సాయంత్రం "కరెంటు డల్లుగా ఉంది" అని తనే అంటుంది. తెలిసిన పాటైతే ఈడుస్తోందని చటుక్కున పట్టేసేది. ఇది ఎప్పుడూ వినని జట్టు, ఎప్పుడూ వినని గొంతు. వీళ్ల పద్ధతే ఇంత కాబోలు అనుకుంది.

"మూడుసార్లు వింటావుగా నువ్వు?"

"ఒక్కసారే విన్నాను." ఆమె రికార్డు వైపు చూస్తూ అంది. "రాయడానికి తమాషాగా వాక్యాలు తడుతున్నాయి. మళ్లీ వింటే ఆ తమాషా పోతుందేమోనని వినలేదండీ. నాన్న నవ్వుతారని రాశాను."

కాశీరావుగారు చేతిలోని అగరొత్తి పుల్ల బిల్లుల పుస్తకానికి గుచ్చి, చురక్కుమని కాలాక తీసేశారు.

"పోనీలే. వచ్చేవారం నాలుగు లైన్లు మెచ్చుకుంటూ రాసెయ్. లోకం మరిచిపోతుంది."

"వచ్చేవారమంటే శుక్రవారం. ప్రకటన రేపు. పెళ్లి బుధవారం."

"అయితే నోరు మూసుకో. ఒంటిచెవి ఎవడో ఎవరికీ తెలీదు. ఎడిటరుగారే ఒంటిచెవంటే బందర్లో ఉన్న మా తమ్ముడనుకుంటున్నారు. పేరు బయటపడితే ఆ శీర్షిక నీకు ఉంచుతారో తీసేస్తారో నేను చెప్పలేను. ఆడపిల్ల రికార్డుల మీద తీర్పులిస్తోందా అనేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం లేరు."

మార్త లేచి కన్నీళ్లు తుడుచుకుంది. "ఆ సూట్‌కేసు ప్లేయరు ఈ పూటకి నాకివ్వండి."

"దేనికి?"

"మా నాన్న ఆ పాట వినాలి. కరెంటు నిండుగా ఉన్నప్పుడు."

* * *

మూడు గంటలకి లాజరుగారు వచ్చారు. వెనకాలే తెరేసా కూడా వచ్చేసరికి అమలమ్మ గుండె జారిపోయింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు పెళ్లికూతురు అత్తారింటి గుమ్మం తొక్కడమేమిటి! కూర్చోమనాలో, కళ్లకద్దుకోవాలో, కళ్లు మూసుకోవాలో తెలియక, "యేసు మరియ జోజప్పా!" అని, కుర్చీ మీద లేని దుమ్ము తుడిచింది.

"పిల్ల వస్తానంటే తీసుకొచ్చాను చెల్లెమ్మా. పద్ధతి కాదని నాకూ తెలుసు" అన్నారు లాజరుగారు. బళ్లో లెక్కల మాస్టారు. గొడుగు చంకలోంచి దించకుండానే కూర్చున్నారు.

జాన్‌బాబు తలుపు పక్కన నిలబడి తెరేసా వైపు చూడకుండా చూస్తున్నాడు. తెరేసా అతని వైపు అసలు చూడలేదు. నేరుగా శౌరయ్యగారి వైపే చూసింది.

"మావయ్యగారూ, మీరు చదివినందుకు నాకు కోపం లేదండీ. మీకు తెలీదు. ఒక్కమాట అడగనా?"

"అడగమ్మా."

"నిన్న అంత నవ్వారు కదా. ఆ రికార్డు మీరు విన్నారా?"

శౌరయ్యగారు కండువా సర్దుకున్నారు. మళ్లీ సర్దుకున్నారు. "ఒంటిచెవి విన్నాడుగా."

"మీరు విన్నారా అని అడుగుతున్నానండీ."

"...లేదు."

"ముప్పై ఏళ్లు పాట నేర్పారటగా. మీ దగ్గర నేర్చుకునేవాళ్లు పాడకుండానే తప్పు పాడారంటారా?"

"తెరేసా!" అన్నారు లాజరుగారు. కానీ ఆ గొంతులో కోపం కన్నా గర్వమే ఎక్కువుంది.

"అననీ నాన్నా. పెళ్లయ్యాక కూడా నేను పాడతాను. గిటార్లతోనే పాడతాను. నిన్నటిదాకా దాచిపెట్టి మనం తప్పు చేశాం. వినకుండానే నవ్వే ఇల్లయితే ఇప్పుడే చెప్పమనండి. ప్రకటన ఆగితే ఆగనివ్వండి."

అమలమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాన్‌బాబు ఒకడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయాడు. ఆ ఇంట్లో శౌరయ్యగారితో ఇలా మాట్లాడిన మనిషి ఇంతవరకూ లేదు.

మార్త లోపల్నుంచి సూట్‌కేసు ప్లేయరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ అడగకముందే ప్లగ్గు పెట్టి, ముల్లు దించింది.

గిటార్లు గంతేశాయి.

శౌరయ్యగారు కళ్లు మూసుకున్నారు. పల్లవి అయ్యేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. చరణంలో గొంతు పైకి వెళ్లినప్పుడు కుడిచేయి ఒళ్లోంచి లేచి, గాలిలో హార్మోనియం మెట్టు ఒకటి వెతికి, దొరికాక అక్కడే నిలబడింది. పాట అయిపోయింది. చెయ్యి మాత్రం దిగలేదు.

"మళ్లీ వెయ్యి" అన్నారు.

మార్త వేసింది. రెండోసారి ఆయన బొటనవేలు తాళం వేసింది. అమలమ్మ ఆ వేలినే చూస్తోంది, నమ్మలేకుండా.

"మళ్లీ."

మూడోసారి కూడా విని కళ్లు తెరిచారు.

"డ్రమ్ములు కొట్టేవాడు కందిరీగల్ని తోలుతున్నట్టు కొట్టాడు. వాణ్ణి మార్చండి. రెండో గిటారు శ్రుతి ఒక పిసరు తక్కువ. కానీ ఈ పిల్ల..." ఆగారు. "పైషడ్జం మీద నిలబడింది చూశారూ? అక్కడ నిలబడమని నేను మన గుళ్లో పదేళ్లుగా మొత్తుకుంటున్నా ఒక్కరూ నిలబడలేదు. నవ్వుతూ ఎలా నిలబడ్డావమ్మా?"

తెరేసా మొహం మొదటిసారి మెత్తబడింది. "ఏమోనండీ. నవ్వొచ్చింది."

"హమ్మయ్య" అంది అమలమ్మ పైకే. జాన్‌బాబు తలుపు వదిలి గదిలోకి వచ్చాడు. లాజరుగారు గొడుగు చంకలోంచి దించి గోడకి ఆనించారు. కాఫీ అనే మాట కూడా ఆ ఇంట్లో మళ్లీ వినపడింది.

అంతలో శౌరయ్యగారు ఒక్క ఉదుటున లేచారు.

"అయితే వాడికి చెవుల్లేవా! ఇది నిద్రపోయే పాటా? ఇందులో గేదెలెక్కడున్నాయి? మూడుసార్లు వింటానని ఊరంతా చెప్పుకుని, ఒక్కసారన్నా సరిగ్గా విన్నాడా ఆ దౌర్భాగ్యుడు? ఇన్నాళ్లూ నేను వాడి రాతలు సువార్తలా చదివాను! మార్తా, కాగితం తీసుకో!"

శౌరయ్యగారి ఉత్తరాలన్నీ ఎప్పుడూ మార్తే రాస్తుంది. ఆయన దస్తూరీ ఆయనకే అర్థం కాదు. ఆమె కాగితం తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

"ఆ మాటే నేనూ చెప్పాలనుకున్నాను బావగారూ" అన్నారు లాజరుగారు. "మీరు విన్నారు, బాగుందన్నారు, సంతోషం. కానీ గన్నవరంలో వీధి వీధంతా ఆ పత్రిక చదివింది. రాసినవాడెవడో మా పిల్ల ముందుకొచ్చి తప్పయిందనాలి. అంటే ఈ సాయంత్రమే ఫాదర్‌గారి దగ్గరికి నేనే వెళ్లి ప్రకటన చదవమంటాను. అనకపోతే చదివించను."

"అనిపిస్తాను! రాయి మార్తా. 'అయ్యా ఒంటిచెవి గారూ.' గారు కొట్టెయ్. 'అయ్యా ఒంటిచెవీ, నువ్వు మగాడివైతే రేపు పూజకి ముందు మా గుడి గుమ్మం దగ్గరికి రా.' రాశావా?"

"రాయలేదు నాన్నా."

"ఎందుకు?"

"మగాణ్ణి కాను కాబట్టి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మార్త కలం కింద పెట్టి, తండ్రి వైపు చూడకుండా, మోకాళ్ల మీదే తెరేసా వైపు తిరిగింది.

"వదినా, అది రాసింది నేను. ఏడింటి కరెంటులో విన్నాను. పెట్టె ఈడుస్తుంటే నీ పాటే ఈడుస్తోందనుకున్నాను. అదైనా పొరపాటు అనొచ్చు. కానీ మూడుసార్లు వినాల్సింది ఒక్కసారే విన్నాను. అది పొరపాటు కాదు. తమాషాగా రాయొచ్చని ఆశపడ్డాను. తప్పయింది వదినా. పత్రికలో కూడా రాస్తాను, నా పేరుతోనే రాస్తాను. పెళ్లి మాత్రం ఆపకు."

తెరేసా కళ్లు పెద్దవి చేసి ఆమెనే చూస్తోంది. జాన్‌బాబు "నువ్వా?" అన్నాడు. అమలమ్మ "అయ్యో తల్లీ" అంటూ కూర్చుండిపోయింది. శౌరయ్యగారు నిలబడినచోటే నిలబడ్డారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

లాజరుగారు మాత్రం కూడికలు తీసివేతలు తెలిసిన మనిషి. ఆయన గోడకి ఆనించిన గొడుగు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"ఆహా. ఇంట్లో కూతురు రాస్తుంది. తండ్రి సంచీలో పెట్టుకుని బస్సెక్కి వచ్చి, మా ఇంట్లో, మా అన్నం తింటూ, మా పిల్ల ముందు చదువుతాడు. తెలీదంటాడు. నన్ను నమ్మమంటారా బావగారూ? గిటార్లతో పాడే కోడలు వద్దనుకుంటే ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేదిగా. ఇంత నాటకం దేనికి?"

"అయ్యయ్యో, అన్నయ్యగారూ, ఈయనకి నిజంగా తెలీదండీ!" అమలమ్మ కంగారుగా లేచింది. "ఏమండీ, మాట్లాడరేం? మీకు తెలీదని చెప్పండి! మార్తని నాలుగు తిట్టండి!"

మార్త తలొంచుకుంది. తిట్లు ఆమెకి కొత్త కాదు. నాలుగు కాదు, నలభై తిట్టినా అన్నయ్య పెళ్లి నిలబడితే చాలు. తను పోగొట్టుకునేది ఎలాగూ పోగొట్టుకుంది. ఇక శుక్రవారాలు లేవు.

శౌరయ్యగారు లాజరుగారి వైపు తిరిగారు.

"బావగారూ, మరియమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను. నాకు తెలీదు. వినకుండా రాసినందుకు దానికి పెట్టాల్సిన చివాట్లు నేను పెడతాను. కానీ మీరు అడిగారు గనక నిజం చెప్తాను. ఆ లండన్ పిల్లల మీద రాసింది, ఇన్నాళ్లూ నేను మెచ్చుకుంటూ చదివింది, అదంతా నా కూతురు రాస్తోందని తెలిసుంటే..." కండువాతో మొహం తుడుచుకున్నారు. "తెలిసుంటే ఇంకా గట్టిగా చదివేవాణ్ణి!"

"విన్నారా!" లాజరుగారు లేచారు. "ఇంకా గట్టిగానట! పద తెరేసా."

"కొంప ముంచారు గదండీ!" అని అమలమ్మ తల పట్టుకుంది. జాన్‌బాబు లాజరుగారికి అడ్డంగా వెళ్లి, ఏ చెయ్యి పట్టుకోవాలో తెలియక గొడుగు పట్టుకున్నాడు. మార్త మాత్రం తలెత్తి తండ్రిని చూస్తోంది. ఆ మొహం చూస్తే ఆ ఇంట్లో పెళ్లి ఆగిపోతోందని ఎవరూ అనుకోరు.

"తెరేసా, లే" అన్నారు లాజరుగారు గుమ్మంలోంచి.

తెరేసా లేవలేదు. మార్త ముందున్న కాగితం తీసుకుంది. శౌరయ్యగారి సంబోధన ఒక్కటే రాసి ఉన్న పైముక్క చించేసి, మిగతాది మళ్లీ మార్త ఒళ్లో పెట్టింది.

"రికార్డుకి రెండో వైపు కూడా ఉంది. అది నువ్వింకా వినలేదు. వెయ్యి. మూడుసార్లు వెయ్యి. తర్వాత నా ఎదురుగానే రాయి. బాగా లేకపోతే బాగా లేదనే రాయి. అది చదివాక చెప్తాను, నేను ఈ ఇంటికి వస్తానో రానో."

మార్త రికార్డు తిరగేసింది. శౌరయ్యగారు గబగబా కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. లాజరుగారు ఒక చెప్పులో కాలు పెట్టి, రెండోది పెట్టకుండా, గుమ్మంలోనే నిలబడిపోయారు.